పి0171 కోడ్ ఘాట్ ఎక్కేటప్పుడే వస్తోంది, ఆక్సిజన్ సెన్సర్ మార్చినా పోలేదు

#1 పర్లాకిమిడి_పెట్రోల్

అందరికీ నమస్కారం. బండి 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు, 71,000 కిలోమీటర్లు తిరిగింది. కంప్లైంట్ ఒక్కటే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, బండి లాగడం తగ్గుతోంది. పాతపట్నం మీదుగా టెక్కలి రోడ్డులో వారం రోజులు తిప్పినా లైటు రాదు.

స్కానర్‌లో పి0171 (మిశ్రమం పలచన, అంటే గాలికి తగ్గ పెట్రోలు లేదు) ఒక్కటే ఉంది. ఇంతకుముందు చూసినచోట ముందు ఆక్సిజన్ సెన్సర్ కొత్తది వేసి కోడ్ చెరిపారు. మళ్లీ ఘాట్ ఎక్కగానే అదే కోడ్. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ ఈమధ్యే మార్చినవి. పెట్రోల్ పంపు మాడ్యూల్ మార్చెయ్యమని ఓనరుకి ఎవరో చెప్పారు. ఖరీదైన సామాను, రుజువు లేకుండా వేయించడం ఇష్టం లేదు. కోడ్ ఇంకా చెరపలేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

#2 జయపురం_స్కానర్

చెరపకపోవడం చాలా మంచి పని. అలాగే ఉంచండి. చెరిపితే కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, మానిటర్లన్నీ (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) మొదటికొస్తాయి. చాలా బళ్లలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలుకి చేసే శాతం సవరణ) కూడా సున్నా అయిపోతుంది. మనకు కావలసిన సాక్ష్యమంతా అక్కడే ఉంది.

స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ తెరవండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఏ పరిస్థితిలో ఉందో ఆ ఒక్క చిత్రం ఈసీయూ దాచిపెడుతుంది. అందులో ఆర్‌పీఎం, స్పీడు, లోడ్ శాతం, కూలెంట్ వేడి, మ్యాప్ ఒత్తిడి (ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి), షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ ట్రిమ్ (నేర్చుకుని దాచుకున్న సవరణ), లూప్ స్థితి (ఆక్సిజన్ సెన్సర్ చూసి సరిచేస్తుంటే క్లోజ్డ్, చూడకపోతే ఓపెన్), ఈ ఎనిమిదీ ఇక్కడ రాయండి. కాగితం మీద రాసుకోవద్దు, స్క్రీన్ ఫోటో తీసి దాచుకోండి. పెండింగ్ కోడ్‌లు (ఇంకా లైటు వెలిగించనివి) కూడా విడిగా చూడండి. చవక యాప్‌లలో అవి వేరే మెనూలో ఉంటాయి, చాలామంది తెరవరు.

#3 పర్లాకిమిడి_పెట్రోల్

ఇదిగోండి. ఆర్‌పీఎం 3,200. స్పీడు 44. లోడ్ 82 శాతం. కూలెంట్ 94 డిగ్రీలు. మ్యాప్ 84 కిలోపాస్కల్. షార్ట్ టర్మ్ +9, లాంగ్ టర్మ్ +14. క్లోజ్డ్ లూప్. పెండింగ్‌లో వేరే కోడ్ లేదు.

#4 కోరాపుట్_ఘాట్

గురువుగారూ, ఈ అంకెలు చాలావరకు దారి చూపిస్తున్నాయి. రెండు ట్రిమ్‌లూ కలిపి చూడాలి. 9, 14 కలిపితే +23. అంటే ఈసీయూ తన లెక్క ప్రకారం ఇవ్వాల్సిన పెట్రోలు కంటే 23 శాతం ఎక్కువ ఇస్తే తప్ప మిశ్రమం కుదరడం లేదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో రెండింటి మొత్తం ±5 లోపల తిరుగుతుంది. 10 దాటితే వెతకాలి. 20, 25 దగ్గర కంపెనీని బట్టి కోడ్ పడుతుంది.

పి0171 అంటే "మిశ్రమం పలచగా ఉంది, నేను సరిచేయగలిగినంత చేశాను, ఇక నావల్ల కాదు" అని ఈసీయూ చెప్పడమే. ఏ సామాను పోయిందో ఆ కోడ్‌లో రాసి ఉండదు. ఆక్సిజన్ సెన్సర్ ఆ కబురు మోసుకొచ్చింది అంతే. ఆ సెన్సర్‌కి వేరే కోడ్‌లున్నాయి, హీటరుకి పి0135 లాంటివి. అవేవీ ఇక్కడ లేవు.

ఇప్పుడు ట్రిమ్ ఎప్పుడు పెరుగుతోందో చూడాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, మూడు చోట్ల రాయండి: స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా), నిలబెట్టి 2,500 రేసులో, ఎత్తు ఎక్కుతూ లోడ్ 70 శాతం దాటినప్పుడు.

స్లోలో ఎక్కువగా ఉండి రేసు ఇస్తే తగ్గిపోతే, ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బళ్లలో అది ఇన్‌టేక్‌లో గాలి లీకు. సెన్సర్ దాటాక దొంగతనంగా వచ్చే గాలి స్లోలో పెద్ద వాటా, రేసులో చిన్న వాటా, అందుకని. అయితే మీ బండికి మ్యాప్ సెన్సర్ అని ఫ్రీజ్ ఫ్రేమ్ చెబుతోంది. ఇలాంటి ఇంజిన్‌లో గాలి లీకు వేరేలా కనబడుతుంది. లీకైన గాలి మ్యానిఫోల్డ్ ఒత్తిడిని పెంచుతుంది, ఈసీయూ ఆ ఒత్తిడిని చూసి దానికి తగ్గ పెట్రోలు ఇచ్చేస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలదు. స్లో ఆర్‌పీఎం ఎక్కువవుతుంది, స్లోలో 30-35 ఉండాల్సిన మ్యాప్ 45 దాకా పోతుంది. ఈ తేడా తెలియక మ్యాప్ బళ్ల మీద పొగ మెషీన్ (పొగ పంపి లీకు చూపించేది) పెట్టి గంటలు పోగొట్టుకుంటారు.

అన్ని చోట్లా ఒకేలా ఎక్కువగా ఉంటే మ్యాప్ సెన్సర్ తక్కువ చూపించడమో, ఇంజెక్టర్లు పూడిపోవడమో. స్లోలో బాగుండి లోడ్ పెరిగేకొద్దీ పెరిగితే పెట్రోలు చాలడం లేదు: పంపు, ఫిల్టరు, లైను, లేదా పంపుకి వెళ్లే కరెంటు. నా అంచనా ఈ చివరిదే. అయినా మూడు అంకెలూ వచ్చాకే మాట్లాడుకుందాం.

#5 గుణుపురం_కొత్తచేయి

అన్నా, మధ్యలో ఒక సందేహం. కోరాపుట్‌లో ఆగి ఉన్న ఒక బండికి ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా చూస్తే మ్యాప్ 91 చూపించింది. 100 ఉండాలి కదా, సెన్సర్ పోయిందని ఒకరు అన్నారు. నిజమేనా?

#6 కోరాపుట్_ఘాట్

కాదు తమ్ముడూ. సెన్సర్ నిజమే చెబుతోంది. ఇంజిన్ ఆగి ఉంటే మ్యానిఫోల్డ్‌లో ఉండేది ఊళ్లోని గాలి ఒత్తిడే. సముద్ర మట్టంలో 101, ప్రతి వంద మీటర్ల ఎత్తుకి కాస్త అటూఇటూగా 1.1 తగ్గుతుంది. బరంపురంలో 100-101 వస్తుంది. పర్లాకిమిడిలో 99-100, రాయగడలో 98-99, జయపురంలో 93-94, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు కాబట్టి 91 చుట్టూ. వాతావరణం బట్టి ఒకటి అటూఇటూ. వాయుగుండం పట్టిన రోజు ఇంకాస్త తగ్గుతుంది.

ఇది ఖర్చులేని పరీక్ష. అదే 91 పర్లాకిమిడిలో కనబడితే మాత్రం సెన్సర్‌నో దాని 5 వోల్టుల లైన్‌నో అనుమానించాలి. ఊళ్లో మరో మంచి బండి ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే ఇంకా గట్టి రుజువు.

పైన ఫ్రీజ్ ఫ్రేమ్‌లో 84 ఉంది చూడండి. బల్లపరుపు నేల మీద 84 అంటే యాక్సిలరేటర్ ఇంకా మిగిలి ఉందని. ఘాట్ మీద చుట్టూ గాలే 93, 94 ఉంటే, 84 అంటే దాదాపు మొత్తం తొక్కినట్టే. ఆ ఎత్తు లెక్క మనసులో పెట్టుకోకపోతే ఘాట్ ఫ్రీజ్ ఫ్రేమ్‌లు తప్పుగా చదువుతాం.

#7 రాయగడ_డీజిల్

నాది డీజిల్ పని ఎక్కువ, అయినా రెండు మాటలు. సైలెన్సర్ వైపు కూడా చూడండి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర, ముందు సెన్సర్‌కి ముందు చిన్న పగులున్నా బయటి గాలి లోపలికి లాగుద్ది. సెన్సర్ అది చూసి మిశ్రమం పలచన అంటాది, ఈసీయూ అనవసరంగా పెట్రోలు పోస్తాది. అప్పుడు ప్లగ్గులు నల్లగా వస్తాయి. నిజంగా పలచనైతే తెల్లగా ఉంటాయి. ఇలాంటి లీకు స్లోలోనే ఎక్కువ అల్లరి చేస్తాది, లోడ్‌లో తగ్గుద్ది. పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో టిక్ టిక్ శబ్దం వస్తే అదే.

ఇంకోటి ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. ఉత్త పెట్రోలు ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. పది శాతం కలిపితే 14.1, ఇరవై కలిపితే 13.5. పది నుంచి ఇరవైకి మారితే దగ్గరదగ్గర 4 శాతం పెట్రోలు ఎక్కువ పడాలి. 2018 బండి ఆ లెక్కతో వచ్చింది కాదు, కాబట్టి +4, +5 ట్రిమ్ శాశ్వతంగా కనబడితే కంగారు పడక్కర్లేదు. అది జబ్బు కాదు. కాకపోతే 25 దాకా ఉన్న గీతలో నాలుగు ముందే ఖర్చయిపోతాయి, చిన్న లోపం కూడా తొందరగా కోడ్ అవుద్ది.

#8 పర్లాకిమిడి_పెట్రోల్

మూడు అంకెలూ తీశాను. స్లోలో మొత్తం +4. 2,500 రేసులో +5. ఎత్తు ఎక్కుతూ లోడ్ 80 దగ్గర +23. స్లోలో మ్యాప్ 32, ఇగ్నిషన్ ఆన్‌లో మ్యాప్ 99. సైలెన్సర్ లీకు లేదు. ప్లగ్గులు తెలుపు వైపున్నాయి. ఎత్తు మీద డేటా చాలా నెమ్మదిగా వస్తోంది, రెండు సెకన్లకోసారి మారుతోంది. స్కానర్ లోపమా?

#9 జయపురం_స్కానర్

స్కానర్‌ని ఎక్కువ అడుగుతున్నారు. ఇరవై వరసలు ఒకేసారి తెరిస్తే ఒక్కొక్కటీ వంతులవారీగా వస్తుంది. ఆరు చాలు: ఆర్‌పీఎం, లోడ్, మ్యాప్, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్, ముందు ఆక్సిజన్ సెన్సర్. మిగతావి టిక్ తీసెయ్యండి. పాత బళ్లలో డేటా కె-లైన్ (పాత తరహా డేటా వైరు) మీద వస్తుంది, ఆ వేగం సెకనుకి 10.4 కిలోబిట్లు. క్యాన్ (కొత్త తరహా రెండు వైర్ల డేటా లైను) ఉన్న బండిలో సాధారణంగా 500. కె-లైన్ బండిలో ఎంత ఖరీదైన స్కానర్ పెట్టినా అంతకంటే తొందరగా రాదు.

రికార్డ్ నొక్కి ఘాట్ ఎక్కి, ఇంటికొచ్చాక గ్రాఫ్ చూడండి. డ్రైవరు ఫోన్ వైపు చూడకూడదు. పక్కన మనిషి లేకపోతే ఆ మలుపుల్లో ఈ పరీక్ష చెయ్యొద్దు.

గ్రాఫ్‌లో ఒకటి గమనించండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే చాలా బళ్లు ఓపెన్ లూప్‌కి పోతాయి. అప్పుడు షార్ట్ టర్మ్ సున్నా దగ్గర ఆగిపోతుంది. అది చూసి బాగైందనుకోకూడదు. ఆ సమయంలో ముందు సెన్సర్ 0.8 వోల్టుల పైన ఉండాలి. 0.2 దగ్గర పడి ఉంటే పెట్రోలు చాలడం లేదని అదే రుజువు. ఇది మామూలు సెన్సర్‌కి. కొన్ని బళ్లలో ముందు వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంటుంది, దాని అంకె ల్యాంబ్డాగా (గాలి-పెట్రోలు నిష్పత్తి అంకె) చూడాలి.

#10 బరంపురం_వైరింగ్

ఇక ఇది పెట్రోలు సరఫరా కేసే. పంపు కొనేముందు పంపుకి ఎంత కరెంటు అందుతోందో కొలవండి. స్కానర్‌లో ఈసీయూ వోల్టేజీ 14 చూపిస్తుంది. అది ఈసీయూ దగ్గరి మాట. వెనక సీటు కింద పంపుకి 10 మాత్రమే వెళ్తున్నా స్కానర్‌కి కనబడదు. ఈ చోట మల్టీమీటరే దిక్కు.

ముందు జాగ్రత్త. వెనక సీటు లేపితే పంపు మూత, కప్లర్ (వైర్ల కనెక్టరు) కనబడతాయి. అక్కడ పెట్రోలు వాసన వస్తుంటే ఇగ్నిషన్ ఆన్ చెయ్యకండి, ముందు ఆ లీకు సంగతి చూడండి. నాలుగు తలుపులూ తీసి ఉంచండి, నిప్పు ఆర్పే సిలిండర్ దగ్గర పెట్టుకోండి.

కప్లర్ ఊడదీయకుండా వెనక వైపు నుంచి సన్నటి పిన్ను వైరు వెంట దూర్చాలి. కప్లర్ ఊడదీసి కొలిస్తే లోడ్ ఉండదు, పాడైన వైరు కూడా 14 వోల్టులు చూపించేస్తుంది. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇంజిన్ నడుస్తుండగా మూడు కొలతలు:

ఒకటి, పంపు రెండు పిన్నుల మధ్య. బ్యాటరీ దగ్గర 14.1 ఉంటే ఇక్కడ 13.5 పైన ఉండాలి.

రెండు, మీటరు ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల వైరు పంపు ప్లస్ పిన్ను మీద. ఇది ప్లస్ దారిలో పోయిన వోల్టేజీ. ఫ్యూజు, రిలే, కప్లర్లు అన్నీ ఇందులోకి వస్తాయి. 0.3 లోపల మంచిది.

మూడు, ఎర్ర వైరు పంపు ఎర్త్ పిన్ను మీద, నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద. 0.1, మహా అయితే 0.2.

మీటరు వైరు అంత దూరం చాలదు. మూడు నాలుగు మీటర్ల మామూలు వైరు అతికించి వాడండి, వోల్టేజీ కొలతకి తేడా రాదు.

ఓమ్ మీటరుతో చూసి ఎర్త్ బాగుందనుకోవద్దు. పంపు 4 నుంచి 6 యాంపియర్లు లాగుతుంది. తుప్పు పట్టిన బోల్టు దగ్గర అర ఓము అడ్డు ఉన్నా 2, 3 వోల్టులు అక్కడే పోతాయి. ఆ అర ఓమును మామూలు మీటరు తన వైర్ల అడ్డుతో కలిపేసి చూపిస్తుంది, తేడా తెలియదు. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పు గాలికి తిరిగే బళ్లలో ఈ ఎర్త్ బోల్టులూ, కప్లర్లలో ఆకుపచ్చ తుప్పూ నేను మొదట చూసే చోట్లు. వానాకాలంలో కార్పెట్ కింద తడి నిలిచిన బళ్లు కూడా అంతే.

#11 గుణుపురం_కొత్తచేయి

బరంపురం అన్నా, కోడ్‌లు ఒక్కటి కాకుండా ఐదారు కలిసి వస్తే ఎలా? ఒక బండికి మ్యాప్‌కి పి0107, థ్రాటిల్‌కి పి0122, పెడల్ కోడ్ ఒకటి, మూడూ ఒకేసారి వచ్చాయి. బండి 1,500 ఆర్‌పీఎం దాటట్లేదు. మూడు సెన్సర్లూ ఒకేసారి పోతాయా?

#12 బరంపురం_వైరింగ్

పోవు. గుంపుగా వస్తే ఆ గుంపుకి ఉమ్మడిగా ఉన్నదేదో వెతుకు. ఆ మూడింటికీ ఈసీయూ 5 వోల్టుల సరఫరా ఇస్తుంది. చాలా బళ్లలో రెండు సరఫరాలుంటాయి, ఒక్కోదాని మీద కొన్ని సెన్సర్లు. ఏదో ఒక సెన్సర్ లోపల షార్ట్ అయినా, వైరు ఒలిచి బాడీకి తగిలినా, ఆ 5 వోల్టులు పడిపోతాయి, దాని మీద ఉన్నవన్నీ కోడ్ ఇస్తాయి.

మ్యాప్ సెన్సర్ కప్లర్‌లో 5 వోల్టుల పిన్ను మీద మీటరు పెట్టి ఉంచు. ఇగ్నిషన్ ఆన్. 1 వోల్టో 2 వోల్టులో ఉంటే, అదే సరఫరా మీదున్న సెన్సర్లు ఒక్కొక్కటీ ఊడదీసుకుంటూ పో. ఏది ఊడదీయగానే మీటరు 5కి ఎగిరితే అదే దొంగ. అన్నీ ఊడదీసినా లేవకపోతే వైరింగ్‌లో షార్టు. కోతల రోజుల్లో పొలాల పక్క ఆగే బళ్లలో ఎలుకలు ఇన్‌టేక్ కింద గూడు పెట్టి వైర్లు కొరుకుతాయి, అక్కడ టార్చి వేసి చూడు. కొరికిన వైరు మెలితిప్పి టేపు చుట్టి వదలకు. టంకం పెట్టి, పైన హీట్ స్లీవ్ వెయ్యి. ఈసీయూ పోయిందన్న నిర్ణయానికి ఇవన్నీ చూశాకే రావాలి.

#13 గుణుపురం_కొత్తచేయి

అర్థమైంది అన్నా. ఇంకో బండికి స్కానర్ లింకే అవ్వలేదు.

#14 జయపురం_స్కానర్

పదహారు పిన్నుల సాకెట్‌లో 16వ పిన్నుకి 12 వోల్టులు రావాలి. 4, 5 ఎర్త్‌లు. 16లో కరెంటు లేకపోతే ఎక్కువసార్లు సిగరెట్ లైటర్ ఫ్యూజు కాలిపోయి ఉంటుంది, చాలా బళ్లలో రెండూ ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. కరెంటు ఉండీ లింక్ కాకపోతే బ్యాటరీ మైనస్ తీసేసి 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలువు. 60 వస్తే క్యాన్ లైను బాగుంది. 120 వస్తే రెండు చివర్లలో ఒకటి తెగింది. సున్నాకి దగ్గరైతే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

ఈఎల్ఎం327 పేరుతో దొరికే చవక అడాప్టర్లు చాలావరకు నకళ్లు. కొన్నింటికి కె-లైనే రాదు, క్యాన్ బళ్లు మాత్రం చదువుతాయి. వేరే బండికి పెట్టి చూసి, ఆ తర్వాతే ఈ బండిని తప్పుపట్టు. మన దేశంలో కార్లకి ఓబీడీ-2 (అన్ని బళ్లకీ ఒకే రకం స్కానర్ పద్ధతి) తప్పనిసరైంది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు బళ్లలో సాకెట్ అదే ఆకారంలో ఉన్నా మామూలు యాప్‌కి కొన్ని జవాబివ్వవు, కంపెనీ ప్రోటోకాల్ తెలిసిన స్కానర్ కావాలి.

#15 గుణుపురం_కొత్తచేయి

రాయగడ గురువుగారూ, డీజిల్ పికప్ ఒకటి. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, స్టార్ట్ అవ్వదు. పి0087, రైల్ (ఇంజెక్టర్లకి డీజిల్ అందించే గొట్టం) ఒత్తిడి తక్కువ. హై ప్రెషర్ పంపు మార్చాలంటున్నారు.

#16 రాయగడ_డీజిల్

ఆగు బాబూ. దీనికి వేరే చర్చ తెరిస్తే బాగుండేది, అయినా పద్ధతి అదే కాబట్టి చెబుతాను.

మొదట సెల్ఫ్ కొడుతూ లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూడు. సున్నా కనబడితే క్రాంక్ సెన్సర్ సంగతి ముందు. 200 దాటాలి. బ్యాటరీ 9.6 కంటే కిందికి పడితే ముందు బ్యాటరీ, ఎర్త్ కేబుల్. తర్వాత రైల్ ఒత్తిడి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు సెన్సర్ సిగ్నల్ 0.5 వోల్టు చుట్టూ, అంకె సున్నా దగ్గర ఉండాలి. ఆగి ఉండగానే 40, 50 బార్ చూపిస్తే సెన్సరే అబద్ధం. సెల్ఫ్ కొడితే రెండు మూడు సెకన్లలో 200, 250 బార్ దాటాలి, అప్పుడే ఈసీయూ ఇంజెక్టర్లు తెరుస్తాది. 120 దగ్గర ఆగిపోతే ఎక్కడో పోతోంది, లేదా పంపుకి డీజిలే చేరట్లేదు.

తక్కువ ఒత్తిడి వైపు ముందు చూడు. ఫిల్టరు దగ్గర నీళ్లు వదులు. ఫిల్టరు దాటాక ఒక పారదర్శకమైన గొట్టం ముక్క వేసి సెల్ఫ్ కొట్టించు, బుడగలు పోతుంటే గాలి లాగుతోంది. ఫిల్టరు మీది వాచరు, ప్రైమింగ్ బల్బు, పాత రబ్బరు గొట్టం, ఈ మూడే.

తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష. ప్రతి ఇంజెక్టరు రిటర్న్ పైపు విడిగా ఒక్కో సీసాలో పెట్టి, పది పదిహేను సెకన్లు సెల్ఫ్ కొట్టించు. నాలుగూ సమానంగా కొద్దిగా రావాలి. ఒకదానిలో మిగతా వాటికి రెండింతలు, మూడింతలు వచ్చిందంటే ఒత్తిడి అక్కడినుంచే కారిపోతోంది. పంపు అమాయకం. కొత్త ఇంజెక్టర్ వేస్తే దాని మీదున్న కోడ్ స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించాలి, లేకపోతే స్లోలో కొట్టుకుంటాది, పొగ వస్తాది.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా. పాత డీజిల్ ఇంజిన్లలో చేసినట్టు హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టకండి. 200 బార్ దగ్గరే సన్నటి ధార చర్మం లోపలికి దూసుకుపోద్ది, పైకి చిన్న చుక్కే కనబడుతుంది, లోపల కండ కుళ్లిపోతాది. అలా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఇంజిన్ ఆపాక కూడా రైల్ అంకె సున్నాకి వచ్చేదాకా నట్టు ముట్టుకోకూడదు.

#17 పర్లాకిమిడి_పెట్రోల్

బరంపురం అన్నయ్య చెప్పినట్టే కొలిచాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ 14.1. పంపు పిన్నుల మధ్య 10.7. ప్లస్ దారిలో 0.4 పోయింది. ఎర్త్ దారిలో 3.0. క్లాంప్ మీటరులో పంపు కరెంటు 4.2 యాంపియర్లు.

పంపు లైన్‌లో టీ (మూడు దారుల జాయింటు) వేసి ఒత్తిడి గేజీ కూడా పెట్టాను. లైను విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపాను. గేజీ అద్దం బయట టేపు వేసి కట్టాం, క్యాబిన్ లోపలికి తేలేదు. స్లోలో 3.5 బార్. ఎత్తు మీద లోడ్ 80 దగ్గర 2.5కి పడింది.

#18 కోరాపుట్_ఘాట్

లెక్క అచ్చంగా కుదిరింది. ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 2.5ని 3.5తో భాగిస్తే 0.714, దాని వర్గమూలం 0.845. అంటే అంతే సేపు ఇంజెక్టర్ తెరిచినా 15 శాతం తక్కువ పడుతోంది. ఆ లోటు పూడ్చడానికి ఈసీయూ 18 శాతం పెంచాలి. దాన్ని ఇథనాల్ వల్ల ముందే ఉన్న 4 శాతంతో గుణిస్తే, 1.18 × 1.04, దాదాపు 1.23, అంటే +23. మీ ఫ్రీజ్ ఫ్రేమ్ అంకె అదే.

స్లోలో పెట్రోలు ఖర్చు చాలా తక్కువ కాబట్టి 10.7 వోల్టులతో నీరసంగా తిరిగే పంపు కూడా 3.5 నిలబెట్టగలిగింది. ఘాట్‌లో ఖర్చు పెరిగేసరికి చాలలేదు. టెక్కలి రోడ్డులో లైటు రాకపోవడానికి కారణం ఇదే.

#19 బరంపురం_వైరింగ్

ఎర్త్ దారిలో 3 వోల్టులు, 4.2 యాంపియర్లు. 0.7 ఓము. పంపు ఎర్త్ వైరు ఎక్కడ బాడీకి బిగించారో పట్టుకోండి, చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక సీటు కిందో, కుడి ఎడమ తలుపు గడప లోపల కార్పెట్ కిందో ఉంటుంది. బోల్టు విప్పి, లగ్గు (వైరు చివరి లోహపు కొన) రెండు వైపులా, బాడీ మీద పెయింటు, తుప్పు గీకి మెరిసే ఇనుము కనబడేదాకా రుద్దండి. పళ్ల వాచరు వేసి బిగించండి. బిగించాకే పైన పెట్రోలియం జెల్లీ పూయాలి, మధ్యలో కాదు. లగ్గులో వైరు నొక్కిన చోట తుప్పు లోపలికి పాకి ఉంటే ఆ రెండంగుళాలు కోసి కొత్త లగ్గు వెయ్యండి. నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో చూడకపోతే వచ్చే వానలకి మళ్లీ ఇదే. తలుపు రబ్బరు, గడప రంధ్రాల మూతలు చూడండి.

ప్లస్ దారిలో 0.4 కూడా కాస్త ఎక్కువే. పంపు రిలే ఊడదీసి కాళ్లు నల్లబడ్డాయేమో చూడండి.

#20 పర్లాకిమిడి_పెట్రోల్

ఎడమ వెనక గడప దగ్గర బోల్టు. కార్పెట్ కింద తడి, లగ్గు పచ్చగా పొడిపొడి అయింది. కొత్త లగ్గు వేసి బిగించాను. ఎర్త్ దారిలో ఇప్పుడు 0.08. పంపు దగ్గర 13.6. ఎత్తు మీద అదే లోడ్‌లో ఒత్తిడి 3.4 నిలబడింది. వెనక తలుపు రబ్బరు మూలలో చిరిగి ఉంది, అది మార్చాను. రిలే కాళ్లు బాగానే ఉన్నాయి. పాత పంపు పాతచోటే ఉంది.

ఇప్పుడు కోడ్ చెరపాలా, దానంతటదే పోయేదాకా ఆగాలా?

#21 జయపురం_స్కానర్

ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో ఉంది కాబట్టి చెరిపేయండి. లాంగ్ టర్మ్ పాత +14 తోనే మొదలైతే ఇప్పుడు కొన్నాళ్లు మిశ్రమం చిక్కగా పోతుంది. చెరిపాక కూడా లాంగ్ టర్మ్ సున్నా కాకపోతే స్కానర్‌లో ఫ్యూయల్ అడాప్టేషన్ రీసెట్ విడిగా ఉంటుంది, అది నొక్కండి.

తర్వాత ఒక్కసారి ఘాట్ ఎక్కి లైటు రాలేదని బండి ఇచ్చెయ్యొద్దు. ఈ కోడ్ వరసగా రెండు ట్రిప్పుల్లో లోపం కనబడితేనే లైటు వెలిగిస్తుంది. మొదటి ట్రిప్పులో పెండింగ్‌లోనే ఉంటుంది. సుంకి ఘాట్ రెండుసార్లు, మధ్యలో ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి ఎక్కండి. పైకి చేరాక ఇగ్నిషన్ ఆపకుండా పెండింగ్ చూడండి.

#22 పర్లాకిమిడి_పెట్రోల్

రెండుసార్లు ఎక్కాను. ఒకసారి ఉదయం ఒక్కడినే రికార్డింగ్ లేకుండా, ఒకసారి నలుగురు మనుషులతో, ఏసీ వేసి, పక్క మనిషి రికార్డ్ చేస్తుండగా. పెండింగ్ ఖాళీ. లోడ్ 80 దగ్గర మొత్తం ట్రిమ్ +6, స్లోలో +4. పొట్టంగి దగ్గర ఆగి, ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో మ్యాప్ చూస్తే 91, 92 మధ్య ఆడుతోంది.

#23 రాయగడ_డీజిల్

ఆ +6లో నాలుగు ఇథనాల్‌వే. ఇంక దాని జోలికి పోకండి. గేజీ టీ తీసేశాక లైను క్లిప్పు టక్కున పడిందో లేదో చేత్తో లాగి చూడండి, ఇంజిన్ పది నిమిషాలు నడిపి ఆ జాయింటు కింద తెల్ల కాగితం పెట్టి తడి చూడండి.

#24 పర్లాకిమిడి_పెట్రోల్

చూశాను గురువుగారూ, కాగితం పొడిగా ఉంది. బండి రేపు ఇస్తున్నాను.